నూరో గీత

మార్సాలా,
2 సెప్టెంబరు 1974

నిన్ఫక్కకి,

నీ చేతులు ముద్దాడి రాస్తున్నాను. బావ దగ్గు ఎలా ఉంది? ఇక్కడ మేమంతా ఉన్నామంటే ఉన్నాం. వైను ఫ్యాక్టరీ మూతపడి ఆరు నెలలైంది. ముప్పై ఏళ్ళు పీపాలు బిగించిన చేతులతో ఇప్పుడు పక్కింటావిడ బట్టలుతికే తొట్టికి పట్టీలు కొడుతున్నాను.  

అసలు విషయానికి వస్తాను. ఉప్పుమళ్ళ దారిలో పాత గిడ్డంగి ఉంది కదా, దాన్ని మన ఊరి వైనుకి మ్యూజియంగా మారుస్తున్నారు. డైరెక్టరుగా వచ్చిన స్కార్లాతా గారు మొన్న మన ఇంటికి వచ్చారు. నాన్న పీపా చూసి టోపీ తీశారు. ఊళ్ళో ఎవరిని అడిగినా సారా కలిపి ఘాటు పెంచిన ఫ్యాక్టరీ వైనే చూపిస్తున్నారట. ఆ సారా రాకముందు మన ముత్తాతలు తాగిన వైను, ఏటేటా కొత్తది పోసుకుంటూ ఎన్నడూ ఖాళీ చెయ్యని పీపా, ఇది తప్ప బతికున్నది ఇంకొకటి కనపడలేదన్నారు. మొదటి హాల్లో మొదటి వస్తువుగా పెడతారట.

ఇంకో మాట కూడా అన్నారు. పీపా అక్కడికి వస్తే దాన్ని చూసుకునే మనిషి కూడా కావాలి, ఆ ఉద్యోగం నాదే.

పీపా మనిద్దరిదీ. నీ సంతకం లేకుండా నేను అంగుళం కూడా కదపను.

నీ తమ్ముడు
బాల్దో

ఫవిన్యానా దీవి,
9 సెప్టెంబరు 1974

ఒరేయ్ బాల్దో,

ఉద్యోగం వస్తోందని మొదటి వాక్యంలో రాస్తే నీ సొమ్మేం పోయింది? బావ దగ్గుతో మొదలుపెట్టి తొట్టి మీదుగా తిప్పి తిప్పి అక్కడికి తెచ్చావు. చిన్నప్పుడు అంజూరపండు దొంగిలించినప్పుడు కూడా ముందు నా ఆరోగ్యం అడిగేవాడివి.

సంతకం పెట్టి పంపుతున్నాను. కానీ మనసొప్పి పెట్టలేదని నీకు తెలియాలి. మీ బావని అడిగితే, "పెంచుకునేవాడు ఇంట్లో పెట్టుకుంటాడు, చూపించుకునేవాడు వీధిలో పెడతాడు" అన్నారు. నలభై ఏళ్ళు ట్యూనా వలలు లాగిన మనిషికి వైను సంగతి ఏం తెలుసులే అని నేను నోరు మూయించాను. ఆయనకి తెలుసు. కానీ నువ్వు ఆ తొట్టి దగ్గర కూర్చుని ఉండటం నాకు కళ్ళకి కట్టింది.

నాన్న చెప్పినవి మళ్ళీ రాస్తున్నాను, ఆ డైరెక్టరుకి చదివి వినిపించు. ఏటా నవంబరు 11న, సెయింట్ మార్టిన్ పండగ రోజున, పీపాలోంచి ఒక ముంత తియ్యాలి, ఒక ముంత కొత్త వైను పొయ్యాలి, నీ సగం, నా సగం. పోసేముందు కొత్తదాన్ని నోట్లో వేసుకుని, పుక్కిలించి ఉమ్మి, బాగుంటేనే పొయ్యాలి. పోశాక పీపా ముఖం మీద సుద్దతో ఒక గీత. ముత్తాత 1876లో గీసిన గీతతో మొదలుపెట్టి పోయినేటికి తొంభై ఎనిమిది. యుద్ధంలో బాంబులు పడ్డ ఏడాది కూడా నాన్న గోడ దూకి వెళ్ళి గీశాడు.

పీపా ఎక్కడుందన్నది నాకు పట్టదు. బతికుండాలి. ఆ మాట నాకు రాసి ఇవ్వు.

అక్క
నిన్ఫా

మార్సాలా,
14 నవంబరు 1974

అక్కా,

నీకు మాట ఇచ్చాను కదా, అలాగే చేశాను. సెయింట్ మార్టిన్ రోజునే మ్యూజియం తెరిచారు. పలెర్మో నుంచి పెద్దలు వచ్చారు. బ్యాండు మేళం, పాదిరి గారి దీవెన, సోంపు వేసి రాయిలా కాల్చిన బిస్కెట్లు పళ్ళెం నిండా. అందరి ముందూ ఒక ముంత తీశాను, ఒక ముంత పోశాను. నువ్వు పంపిన జాడీ లక్క ముద్ర నా చేత్తోనే తీశాను. తొంభై తొమ్మిదో గీత గీస్తుంటే చెయ్యి వణికింది. పక్కన గోడకి బోర్డు పెట్టారు, "1876 నుంచి నేటికీ సజీవం" అని. కింద నాన్న పేరు, నీ పేరు, నా పేరు ఉన్నాయి.

నాకు నీలం కోటు ఇచ్చారు. ఇత్తడి గుండీలు. నీ మరదలు రోజూ తోముతోంది.

తీసిన ముంతలోంచి నీ వాటాగా ఒక సీసా ఈ పడవలో పంపుతున్నాను. బావకి ఇవ్వు.

బాల్దో

ఫవిన్యానా,
3 మార్చి 1975

బాల్దో,

నువ్వు రాలేకపోయావని నాకు కోపం లేదు. ఆ వారం సముద్రం ఎలా ఉందో మాకు తెలియదా? పాదిరి గారే అవతలి గట్టున రెండు రోజులు ఆగిపోయారు.

మీ బావ సుఖంగానే పోయారు అని అందరికీ చెబుతున్నాను. నీకు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. చివరి వారం ఆయన ఏమీ తినలేదు. ఒకరోజు తనే అడిగారు, "మీ నాన్న పీపాలోది ఒక్క చెంచా పొయ్యి" అని. మా పెళ్ళినాడు నాన్న తన చేత్తో పోసి ఇచ్చింది అదే కదా. నువ్వు పంపిన సీసా అప్పటిదాకా తెరవలేదు, ఆయన లేచాక తెరుద్దామని దాచాను. తెరిచి చెంచాతో నోట్లో పోశాను.

ఆయన మొహం చిట్లించి, "ఇది మీ నాన్నది కాదు. సారా కలిపారు, గొంతు మండుతోంది" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మందులతో నోరు పూసి నాలుక చచ్చింది మీకు, మా తమ్ముడు అంత ప్రేమగా పంపితే వంకలు పెడతారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడు రోజులకి పోయారు.

రోగిష్టి మనిషి మాటకి అంత రెచ్చిపోవాల్సింది కాదు. అదొక్కటే గుచ్చుతోంది. నువ్వు ఏదైనా చెప్పు, కాస్త ఊరటగా ఉంటుంది.

నిన్ఫా

మార్సాలా,
11 మార్చి 1975

అక్కా,

నీ ఉత్తరం అందింది.

బావ మాటలు మనసులో పెట్టుకోకు. చివరి రోజుల్లో నాలుకకి ఏదీ రుచించదు, అమ్మకి కూడా అలాగే అయింది కదా. తేనె ఇచ్చినా చేదనేది. నువ్వు అన్నది తప్పు కాదు. ఆయనకి తెలియక అన్నారు. నువ్వు చేసిన సేవ దేవుడు చూశాడు.

ఆదివారం ఆయన పేరున పూజ చేయిస్తాను.

బాల్దో

ఫవిన్యానా,
4 నవంబరు 1975

బాల్దో,

నూరో గీతకి నేను వస్తానంటే, ఆ రోజు పిలుపులు ఉన్నవాళ్ళకే, చలిగాలి, నీ మోకాళ్ళు అని నాలుగు ఉత్తరాలు రాశావు. సొంత పీపా దగ్గరికి పిలుపు కావాలా నాకు? సరేలే. అంతమందిలో నల్లబట్టలు వేసుకుని నిలబడాలని నాకూ లేదు.

జాడీ పంపుతున్నాను. పాత రాతిగని గుంటలో మీ బావ నాటిన ద్రాక్ష తీగలవి. ఆయన లేకుండా నేను తొక్కిన మొదటి వైను. కాళ్ళు కడుక్కుని తొట్టిలో దిగితే, అవతలి వైపు నుంచి వేళాకోళం చేసే మనిషి లేక అడుగు పడలేదు. బిరడా బిగించి, లక్క పోసి, ఎప్పట్లాగే ఇంటి తాళంచెవి నొక్కి ముద్ర వేశాను. నేను రుచి చూడలేదు, మనసు రాలేదు. పోసేముందు నువ్వు ఎలాగూ చూస్తావు.

అది మా ఇద్దరిదనుకుని పొయ్యి.

నిన్ఫా

మార్సాలా,
13 నవంబరు 1975

అక్కా,

నూరు నిండింది!

పేపరువాళ్ళు ఫోటో తీశారు, కత్తిరించి పంపుతున్నాను. సుద్దముక్క పట్టుకున్నది నేనే, గుర్తుపట్టావా? నీ జాడీ ముద్ర అందరి ముందూ విప్పాను. నాన్న చేసినట్టే ఒక గుక్క నోట్లో తిప్పి చూశాను. ఏం వైను అక్కా! ఎండంతా అందులోనే ఉంది, చివర్లో బాదం వాసన. బావ చెయ్యి పడిన తీగలంటే మాటలా. అది చూసి డైరెక్టరు గారు కూడా శెభాష్ అన్నారు. నాన్న ఉంటే ఏడ్చేవాడు.

ఈ ఏటి సీసా కూడా పంపుతున్నాను.

బాల్దో

ఫవిన్యానా,
16 నవంబరు 1975

బాల్దో,

ఒక ఘోరం జరిగింది. ఎలా రాయాలో తెలియడం లేదు.

ఈ పొద్దున ట్యూనా ముక్కలు ఊరబెడదామని వెనిగర్ జాడీ తీశాను. తెరిస్తే వైను వాసన. నోట్లో వేసుకున్నాను. వైనే, ఈ ఏటి నా వైనే.

మా ఇంట్లో ఒకేలాంటి అల్లిక చుట్టిన జాడీలు రెండుండేవి. వెనిగర్‌ది ఏదో తెలియడానికి మీ బావ దాని మెడకి ఎర్రదారం కట్టేవారు. ఏటా అది చివికితే ఏటా ఆయనే మళ్ళీ కట్టేవారు. ఈ ఏడు కట్టేవాళ్ళు లేరు. నాకు ఆ సంగతే గుర్తులేదు. నీకు పంపింది వెనిగర్, బాల్దో. మూడేళ్ళ పాత వెనిగర్. బిరడా తీస్తే కళ్ళమ్మట నీళ్ళు వచ్చే సరుకు.

నూరేళ్ళ పీపాని నా చేత్తో నేనే చంపేశాను. బిరడా తీసి వాసన చూడు. పులుపు పైనే తేలుతోందా, కిందికి దిగిందా? ఇంకా వారం కూడా కాలేదు కదా, పై వైను తోడేస్తే ఏమైనా దక్కుతుందేమో. పీపాలు కట్టినవాడివి, నీకు తెలుస్తుంది. వెంటనే రాయి. నాన్న ముందు నేను ఏ మొహం పెట్టుకుని నిలబడను?

ఇంతవరకూ రాసి, నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఒక గుక్క నోట్లో తిప్పి చూశానని రాశావు. ఎండ అన్నావు, బాదం అన్నావు. నీకేమైనా జలుబు చేసిందా?

నిన్ఫా

మార్సాలా,
20 నవంబరు 1975

అక్కా,

ఊరికే కంగారుపడకు. అంత ఘోరం ఏమీ జరగలేదు. నిజం చెప్పాలంటే నేను ఆరోజే పసిగట్టాను. నిన్ను బాధపెట్టడం ఎందుకని రాయలేదు. నీ జాడీ పక్కన పెట్టి, ఇక్కడి వైనే పోశాను. పీపాకి ఏమీ కాలేదు, నిక్షేపంలా ఉంది. నువ్వు మోకాళ్ళ నొప్పితో ఇంతదూరం రావాల్సిన పని అసలే లేదు. చలి తగ్గాక నేనే వస్తాను.

ఇక ఆ సంగతి మర్చిపో.

బాల్దో

ఫవిన్యానా,
27 నవంబరు 1975

బాల్దస్సారే గారికి,

పసిగట్టినవాడు బాదం వాసన గురించి రాయడు. ఆ పీపాకి హాని జరిగిందంటే నువ్వు నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉండాల్సింది. నిమ్మకి నీరెత్తినట్టు రాశావు. నాకు అక్కడ అనుమానం పుట్టింది.

నిన్న, బుధవారం, నీకు సెలవని తెలిసే వచ్చాను. అందరిలాగే టికెట్టు కొన్నాను. మొదటి హాల్లో పీపా దీపాల కింద మెరుస్తోంది. వార్నిష్ వేశారు. ఊపిరి తీసుకునే చెక్కకి వార్నిష్ వేస్తే లోపలి వైను ఏమవుతుందో చెప్పి, చిన్నప్పుడు నీ వీపు మీద ఒకటి వేశాడు నాన్న, గుర్తుందా? నేను తాడు దాటి వెళ్ళాను. నాన్న నేర్పినట్టు వేలి కణుపులతో కింది నుంచి పైదాకా కొట్టాను. నిండు పీపా పలకదు. అది డప్పులా మోగింది. హాల్లో అందరూ తిరిగి చూశారు.

టికెట్లిచ్చే అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "ముట్టుకోకూడదమ్మా" అంది. ఇందులో వైను ఏదమ్మా అని అడిగాను. ఆ పిల్లకి పాపం ఏం తెలుసు. "అందులో వైను ఎక్కడిదండీ? మ్యూజియం తెరిచిన రోజునే సీసాల్లో పట్టి పెద్దాళ్ళకి పంచేశారంట కదా" అంది.

నా చెయ్యి పట్టుకుని వెనక గదికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అక్కడ బల్ల కింద నా జాడీలు రెండూ ఉన్నాయి. పోయినేటిది, ఈ ఏటిది. రెంటి మీదా మా ఇంటి తాళంచెవి ముద్ర చెక్కుచెదరలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. ఈ రెండేళ్ళూ నాకు పంపిన సీసాల్లో ఉన్నది ఏమిటి?

నిన్ఫా

మార్సాలా,
2 డిసెంబరు 1975

అక్కా,

కొట్లో కొన్నది. ఫ్యాక్టరీ సరుకు.

అన్నీ చెబుతాను. మ్యూజియం తెరవడానికి ముందురోజు డైరెక్టరు పిలిచారు. నిండు పీపా ఉంటే ఈగలు ముసురుతాయి, వాసన వేస్తుంది, కారితే నేల పాడవుతుంది, ఖాళీ చెయ్యాలి అన్నారు. కుదరదన్నాను అక్కా, నిజంగా అన్నాను. "ఊళ్ళో పీపాలు కట్టేవాళ్ళు ఇంకా నలభైమంది ఖాళీగా ఉన్నారు" అన్నారు ఆయన. నేను గొట్టం తెచ్చాను. పట్టుకున్నది నేనే. అరవై సీసాలు నిండాయి. అట్టడుగు మడ్డి తోటలో పారబోశారు. ఒక్క సీసా దాచుకుందామనుకున్నాను, సంచీ చూస్తారేమోనని భయపడ్డాను. మన ఇంట్లో ఒక్క చుక్క కూడా మిగల్లేదు.

ఆ రోజే నీకు రాసి ఉండాల్సింది. మొదటి అబద్ధం రాశాక రెండోదానికి చెయ్యి అలవాటుపడింది. ఖాళీ పీపా మీద గీత గీస్తుంటే చెయ్యి వణికిందని రాశాను కదా, అది మాత్రం అబద్ధం కాదు. నూరో గీతకి వణకలేదు.

నాకు యాభై నాలుగేళ్ళు. ఈ కోటు విప్పితే మళ్ళీ ఆ తొట్టి దగ్గరికే. దయచేసి పేపరువాళ్ళకి చెప్పకు. కావాలంటే ఇద్దరం కొత్త పీపా మొదలుపెడదాం, నేనే కడతాను, మంచి చెక్కతో. మొదటి గీత నువ్వే గియ్యి. నన్ను క్షమించు అక్కా. పీపాయే కదా, దానికోసం రక్తసంబంధం తెంచుకుంటామా?

బాల్దో

ఫవిన్యానా,
8 డిసెంబరు 1975

బాల్దో,

ఎవరికీ చెప్పను. కోటు నువ్వే ఉంచుకో. వచ్చే ఏడు నూట ఒకటో గీత కూడా గీసుకో, ఫోటో పంపకు. బోర్డు మీద నా పేరు మాత్రం చెరిపించు. అది నీ చేతిలో పనే.

పీపాయే కదా అన్నావు. పీపా ఖాళీ చేశావని ఆ రోజే నాకు రాసి ఉంటే, నెలరోజులు నిన్ను శాపనార్థాలు పెట్టి, ఏడ్చి, ఆపైన పండక్కి పిలిచి అన్నం పెట్టేదాన్ని. ఉద్యోగం పోయిన మగవాడి భయం నాకు తెలుసు. వలలు ఖాళీగా వచ్చిన ఏళ్ళు నేనూ చూశాను.

మార్చిలో నేను నీకు ఒక ఉత్తరం రాశాను. మా ఆయన నోట్లో ఆ చెంచా పోసిన సంగతి రాశాను. ఊరటగా ఏదైనా చెప్పమని అడిగాను. ఆ చెంచాలో ఏముందో లోకంలో నీ ఒక్కడికే తెలుసు. ఎనిమిది రోజులు ఆగి, కూర్చుని, ఆలోచించి, "ఆయనకి తెలియక అన్నారు" అని రాశావు. అమ్మ చావుని కూడా సాక్ష్యానికి తెచ్చావు. ఆ ఉత్తరం నా దిండు కింద పెట్టుకుని పడుకున్నాను రా నేను, నీ మాట ఆసరా అనుకుని.

మా ఆయనకి అన్నీ తెలుసు. ఒక్క చుక్కతో చెప్పేశారు. ముప్పై నాలుగేళ్ళ క్రితం పెళ్ళిపీట మీద తాగిన రుచి ఆ నాలుక మరిచిపోలేదు. నేనే ఆ నాలుక చచ్చిందన్నాను. గోడవైపు తిరిగిన మనిషి ఆ మూడు రోజులూ మంచినీళ్ళు కూడా నన్ను అడగలేదు. దాహమేస్తే పొరుగింటి పిల్లని పిలిచారు. ఇది నీకు అప్పుడు రాయలేదు, సిగ్గేసి.

నిన్న శ్మశానానికి వెళ్ళి, మీరన్నదే నిజం అని చెప్పి వచ్చాను. గాలి విపరీతంగా ఉంది, నా మాట నాకే వినపడలేదు. నువ్వు నన్ను క్షమాపణ అడుగుతున్నావు, నీకు అక్క ఉంది కాబట్టి. నేను అడగాల్సిన మనిషి మట్టిలో ఉన్నారు.

కొత్త పీపా వద్దు. ఆ జాడీలు పంపకు. ఈ ఉత్తరానికి జవాబు కూడా రాయకు. నువ్వు పంపేది అసలుదో కాదో రుచి చూసి చెప్పే మనిషి ఈ ఇంట్లో లేడు.

నిన్ఫా